థామస్ సంకరా: సైకిల్ మీద మంత్రివర్గ సమావేశానికి వెళ్లిన కెప్టెన్

పాత అట్లాసు
మొన్న అటక సర్దుతుంటే చిన్నప్పటి స్టాంపుల ఆల్బం దొరికింది. అందులో ఒక స్టాంపు మీద ఫ్రెంచిలో 'ఓత్ వోల్టా' అని ఉంది. ఇంగ్లీషులో అప్పర్ వోల్టా, పశ్చిమ ఆఫ్రికా దేశం. మా అబ్బాయి ఫోనులో వెతికి, "నాన్నా, ఈ దేశం ఇప్పుడు లేదు" అన్నాడు. దేశం ఉంది, పేరే పోయింది. 1984 ఆగస్టు 4న ఆ పేరు తీసేసి 'బుర్కినా ఫాసో' అని పెట్టినాయన థామస్ సంకరా. వారం రోజులుగా ఆయన గురించే చదువుతున్నాను. మీతో పంచుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

పుట్టింది 1949 డిసెంబరు 21న, యాకో అనే ఊళ్లో. తండ్రి ఫ్రెంచి సైన్యం తరఫున రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి, తరువాత జెండార్మ్ అయ్యాడు. మన లెక్కలో సాయుధ పోలీసు అనుకోండి. కొడుకు చర్చిలో ఫాదర్ అవుతాడని ఇంట్లో ఆశ. కొడుకేమో సైనిక పాఠశాలలో చేరాడు. అక్కడి నుంచి అధికారి శిక్షణకు మడగాస్కర్‌లోని అంట్సిరాబే వెళ్లాడు. 1972లో ఆ దేశంలో విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చి అధ్యక్షుడు సిరానానా ప్రభుత్వాన్ని కూలదోయడం దగ్గర నుంచి చూశాడు. సైనికాధికారి కావడానికి వెళ్లినవాడికి ఆ పాఠం కూడా అక్కడే అందింది.

1974లో పొరుగు దేశం మాలీతో సరిహద్దు గొడవల్లో పేరు తెచ్చుకున్నాడు. ఆ యుద్ధం పనికిమాలినదని, అన్యాయమైనదని తరువాత తానే అన్నాడు. 1976లో పో అనే ఊళ్లో కమాండో శిక్షణ కేంద్రానికి అధిపతి అయ్యాడు. గిటారు వాయించేవాడు. 1981లో సైనిక ప్రభుత్వం సమాచార శాఖ అప్పగిస్తే సైకిల్ తొక్కుకుంటూ మంత్రివర్గ సమావేశానికి వెళ్లాడు. ఏడు నెలలు తిరగకుండానే, 1982 ఏప్రిల్‌లో, ప్రజల నోరు నొక్కేవాళ్లకు కీడు తప్పదని చెప్పి రాజీనామా చేశాడు.

మిగతాది నెమ్మదిగా రాస్తాను. తెలిసినవాళ్లు అందుకోండి.

తొలకరి
శంకర అని రాయాలేమో కదా అండీ? తెలుగులో చాలాచోట్ల థామస్ శంకర అనే చూశాను.

పాత అట్లాసు
శంకరుడితో సంబంధం లేదు తొలకరి గారూ. పలకడం సంకరా. మన భాషలో 'సంకరం' అంటే కలగలుపు. ఆయన విషయంలో అదీ కలిసొచ్చింది. తండ్రి మోసీ, ఫులానీ తెగలు రెండూ కలిసిన సిల్మి-మోసీ వర్గం. దేశానికి పెట్టిన పేరులోనూ అదే పద్ధతి. 'బుర్కినా' మోరే భాషది, 'ఫాసో' ద్యులా భాషది. ఆ దేశస్థుడిని 'బుర్కినాబే' అంటారు, ఆ చివరి 'బే' ఫులానీ భాష నుంచి తెచ్చారు. మూడు భాషల వాళ్లకూ తలా ఒక ముక్క. అర్థం, తలెత్తుకుని నిజాయతీగా బతికేవాళ్ల గడ్డ అని. జాతీయ గీతం కూడా ఆయన రాసిందే.

చాక్‌పీసు
1983 మార్చిలో ఢిల్లీలో అలీన దేశాల శిఖరాగ్ర సమావేశం జరిగింది. నేను అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరాను. పత్రికల నిండా కాస్ట్రో ఇందిరా గాంధీని కౌగిలించుకున్న ఫోటోయే. ఈ సంకరా కూడా ఆ సభకు వచ్చాడని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అప్పుడతను అప్పర్ వోల్టా ప్రధానమంత్రి, వయసు 33. కాస్ట్రోను మొదటిసారి కలిసింది మన ఢిల్లీలోనే. కానీ ఆ కెప్టెన్ ఫోటో మన పత్రికల్లో చూసిన గుర్తు నాకు లేదు.

పాత అట్లాసు
మంచి విషయం అందించారు మాస్టారూ. ఢిల్లీ నుంచి వెళ్లిన రెండు నెలలకే, మే 17న, సొంత ప్రభుత్వమే ఆయనను అరెస్టు చేసింది. అధ్యక్షుడు ఝాన్-బాప్టిస్ట్ వెద్రావోగోకు, ఈయనకు పొసగలేదు. ఫ్రాన్సు అధ్యక్షుడి ఆఫ్రికా సలహాదారు సరిగ్గా అప్పుడే ఊళ్లో దిగాడు. అది కాకతాళీయమని అక్కడివాళ్లు ఎవరూ నమ్మరు. నేస్తం బ్లైజ్ కంపావోరే తప్పించుకుని పో చేరి, అక్కడి కమాండోలను కూడగట్టాడు. ఆగస్టు 4 రాత్రి వాళ్లు లారీలెక్కి రాజధాని వగదూగు మీదికి వచ్చారు. తెల్లారేసరికి సంకరా దేశాధినేత.

ఆ కంపావోరే పేరు గుర్తుపెట్టుకోండి.

నూలుపోగు
నాకు ఈయన బట్ట ద్వారా తెలుసు. మాది నేత కుటుంబం. ఫాసో దాన్ ఫానీ అంటే మాతృదేశంలో నేసిన బట్ట అని అర్థం. సన్నని పట్టీలుగా నేసి, ఆ పట్టీలను పక్కపక్కన కుట్టి గుడ్డ చేస్తారు. ఆ దేశంలో పత్తి పుష్కలంగా పండుతుంది. ముడి పత్తి అమ్మేసి బయటి బట్ట కొనుక్కోవడం ఏమిటని సంకరా ప్రభుత్వోద్యోగులు ఆ బట్టే కట్టాలన్నాడు. మగ్గాల మీద ఎక్కువగా ఆడవాళ్లే ఉండేవాళ్లు కాబట్టి డబ్బు నేరుగా వాళ్ల చేతికి వచ్చింది.

ఇందులో సరదా సంగతి ఒకటి. ఉద్యోగులకు అది కట్టుకోవడం అంత ఇష్టం ఉండేది కాదు. బరువు, ఖరీదు కూడా. అందుకని ఒక జత ఆఫీసులోనే దాచుకుని, అధ్యక్షుడు తనిఖీకి వస్తున్నాడంటే గబగబా తొడుక్కునేవాళ్లు. ఆ దుస్తులకు జనం పెట్టిన పేరు 'సంకరా వస్తున్నాడు'. మా తాతగారు ఉంటే విని పడీ పడీ నవ్వేవారు. ఖద్దరు చొక్కా అల్మరాలో పెట్టుకుని ఆగస్టు పదిహేనుకు మాత్రమే తీసేవాళ్లను ఆయన చాలామందిని చూశారు.

బోరుబండి
నేను ఆ దేశంలో రెండేళ్లు ఉన్నాను. బోర్లు వేసే కంపెనీలో పని. ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను, ఇక ఆగలేను.

మొదటి వారం అన్నం దొరక్క విలవిలలాడాను. ఒక పల్లెలో బోరు వేస్తుంటే ఊరివాళ్లు 'టో' పెట్టారు. మూత తీసి చూస్తే అచ్చం మన జొన్న సంకటి. పక్కన జిగురుగా బెండకాయ పులుసు. కుడిచేత్తో ముద్ద చేసుకుని ముంచుకుని తినడమే. మా డ్రిల్లర్ రాయలసీమవాడు, రెండో ముద్ద కూడా పెట్టించుకున్నాడు. దాన్ని కలిపే తెడ్డు కూడా మనదిలాగే పొడుగు పిడి చెక్క తెడ్డు. ఆ తెడ్డు సంగతి తరువాత చెబుతాను, దానికీ ఈ చర్చకూ సంబంధం ఉంది.

మేము వేసిన ప్రతి ఊళ్లోనూ పెద్దవాళ్లు ఒక మాట చెప్పేవాళ్లు. ఆ చెరువు గట్టు సంకరా కాలంలో మేము వేసుకున్నాం, ఆ బడి గోడ మేము కట్టుకున్నాం అని. ప్రభుత్వం కట్టింది అని అనరు. ఆ 'మేము' అనేటప్పుడు ముసలివాళ్లు కూడా కాస్త నిటారుగా కూర్చునేవాళ్లు.

అడ్డగీత
అందరూ ఒకే రాగం అందుకున్నారు కాబట్టి నేను కొంచెం శ్రుతి తప్పుతాను. అతను ఎన్నికల్లో గెలవలేదు. తుపాకులతో వచ్చాడు. వచ్చాక ఎన్నికలు పెట్టలేదు, పార్టీలను ఉండనివ్వలేదు. ఊరూరా 'విప్లవ రక్షణ కమిటీలు' పెట్టి కుర్రాళ్ల చేతికి ఆయుధాలు ఇచ్చాడు. వాళ్లలో కొందరు చేసిన దౌర్జన్యాలను తరువాత తానే తప్పుబట్టాల్సి వచ్చింది. ప్రజా విప్లవ న్యాయస్థానాలని పెట్టి, అవినీతి కేసుల విచారణ రేడియోలో ప్రసారం చేశారు. ముద్దాయికి వకీలు ఉండడు. 1984 జూన్‌లో కుట్ర ఆరోపణపై ఏడుగురిని కాల్చి చంపారు. సైకిల్ తొక్కాడు, గిటారు వాయించాడు అనే కబుర్ల కింద ఇవన్నీ కొట్టుకుపోకూడదు.

పాత అట్లాసు
కొట్టుకుపోనివ్వను, అడ్డగీత గారూ. మీరు చెప్పినవి జరిగాయి. ఆ న్యాయస్థానాల గురించి ఇంకొక్కటి కూడా చెప్పాలి. మొట్టమొదట బోనెక్కిన మాజీ అధ్యక్షుడు లామిజానా నిర్దోషిగా బయటపడ్డాడు. అంటే తీర్పులన్నీ ముందే రాసిపెట్టినవి కావు. వకీలు లేని న్యాయస్థానం న్యాయస్థానం కాదన్న మీ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అయితే తూకంలో రెండో పళ్లెం కూడా చూడండి. 1984 చివర్లో రెండు వారాలపాటు ఊరూరా తిరిగి మెదడు పొరల వాపు (మెనింజైటిస్), పచ్చజ్వరం, తట్టు టీకాలు వేశారు. సుమారు 25 లక్షల మంది పిల్లలకు. దానికి 'టీకాల కమాండో' అని పేరు. అంతర్జాతీయ సంస్థలు ఇంత తక్కువ సమయంలో సాధ్యం కాదన్నాయి. వైద్య సిబ్బంది చాలరు కాబట్టి మీరు తిట్టిన ఆ కమిటీల వాళ్లనే పిల్లలను పోగుచేయడానికి పంపారు. పదిహేను నెలల్లో కోటి మొక్కలు నాటారు. ప్రభుత్వ మెర్సిడెస్ కార్లు అమ్మేసి మంత్రులకు చిన్న రెనో 5 కార్లు ఇచ్చారు. ఆయన జీతం నెలకు 450 డాలర్ల లోపు.

చాక్‌పీసు
ఆ తూకంలో ఒక సంగతి ఇంకా ఎవరూ వేయలేదు. నేను వేస్తాను, ఎందుకంటే అది నాకు తగిలింది.

1984 మార్చిలో అక్కడి బడిపంతుళ్లు సమ్మె చేశారు. వాళ్ల సంఘం నాయకులను అరెస్టు చేసినందుకు నిరసన. సంకరా ప్రభుత్వం ఏం చేసింది? 1,300 మందికి పైగా టీచర్లను ఒక్క దెబ్బకు ఉద్యోగాల్లో నుంచి తీసేసింది. వాళ్ల స్థానంలో అరకొర శిక్షణ ఇచ్చిన కుర్రాళ్లను 'విప్లవ ఉపాధ్యాయులు' అని తరగతి గదుల్లోకి పంపింది. చదువు రానివాళ్లే అత్యధికులుగా ఉన్న దేశంలో.

నేను ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. ఒక సమ్మెలో ఇరవై రెండు రోజులు జీతం పోయింది. ఆ నెల మా ఆవిడ పాలవాడికి ఎదురుపడకుండా వెనక తలుపు నుంచి బయటికి వెళ్లేది. ఇరవై రెండు రోజులకే మా ఇంట్లో అంత చిన్నతనం. అలాంటిది ఉద్యోగమే పోతే? ఆ పంతుళ్లు ఫ్రాన్సు తొత్తులు కారు, మెర్సిడెస్‌లలో తిరిగినవాళ్లు కారు. సంకరాకు మార్క్సిజం పరిచయం చేసింది సైనిక పాఠశాలలో ఒక పంతులే, ఆదమా తూరే. నేను ఈ మనిషిని ఇష్టపడతాను. కానీ ఈ ఒక్క విషయంలో క్షమించలేను.

నూలుపోగు
మాస్టారూ, మీ మాట కాదనను. తరువాత వాళ్లలో కొందరిని వెనక్కి తీసుకున్నారు. 1987 ఆగస్టు 4 ప్రసంగంలో ఆయన స్వరం మారింది. వేగం తగ్గించాలి, జనాన్ని వదిలి పది అడుగులు వేసేకన్నా జనంతో కలిసి ఒక్క అడుగు మేలు అన్న ధోరణిలో మాట్లాడాడు. తప్పు తెలిసిందని నాకనిపిస్తుంది. దిద్దుకునే సమయం దొరకలేదు.

ఆడవాళ్ల సంగతి కూడా రాస్తాను, ఎవరూ ఎత్తలేదు. 1984 సెప్టెంబరు 22న మగవాళ్లంతా సంచీలు పట్టుకుని బజారుకు వెళ్లాలని పిలుపునిచ్చాడు. ఇంటి ఖర్చుకు ఇచ్చే డబ్బుకు ఏం వస్తుందో స్వయంగా తెలుసుకోవాలని. ఒక్కరోజు ముచ్చటే. కానీ ఆ ఒక్కరోజు మా ఇంట్లో జరిగినా నేను పండగ చేసుకుంటాను. బలవంతపు పెళ్లిళ్లను, ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని నిషేధించడానికి పూనుకున్నాడు. మోటారు సైకిళ్ల మీద వెళ్లే ఆయన అంగరక్షకుల దళంలో ఆడవాళ్లే ఉండేవాళ్లు.

అడ్డగీత
మాలీతో రెండో యుద్ధం కూడా రాయండి. మొదటిది పనికిమాలిన యుద్ధమన్న మనిషి హయాంలోనే 1985 క్రిస్మస్ నాడు రెండోది మొదలైంది. జనాభా లెక్కల సిబ్బందిని సైనికులతో కలిపి వివాదాస్పద గ్రామాల్లోకి పంపితే మాలీ దాడి చేసింది. బుర్కినాలోని వహిగూయా పట్టణం సంత మీద బాంబులు పడ్డాయి. ఏడాది తరువాత అంతర్జాతీయ న్యాయస్థానం ఆ నేలను ఇద్దరికీ చెరి సగం చేసి పంచింది. ఈ పంపకానికి అన్ని ప్రాణాలా?

పాత అట్లాసు
నిజమే. అది మచ్చే.

అడిస్ అబాబా రాయకపోతే మాత్రం ఈ చర్చ పూర్తికాదు. 1987 జూలై 29, ఆఫ్రికా ఐక్యతా సంస్థ సభ. నేను ఆ వీడియో మూడుసార్లు చూశాను. అప్పులు కట్టవద్దు అంటాడు. మనం కట్టకపోతే అప్పులిచ్చినవాళ్లు చావరు, కడితే మనం చస్తాం అంటాడు. ఎదురుగా కూర్చున్న అధ్యక్షులు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. బుర్కినా ఒక్కటే ఈ మాటంటే వచ్చే సమావేశానికి నేను ఉండను, కాబట్టి అందరం కలిసి అందాం అంటాడు. దానికీ నవ్వుతారు. ఆ నవ్వే నాకు నిద్రపట్టనివ్వనిది. చివర్లో తన దుస్తులు చూపించి, ఈ పత్తి మాది, నేత మాది, యూరప్ నుంచి ఒక్క పోగు రాలేదు అంటాడు. నూలుపోగు గారూ, అది మీ ఫాసో దాన్ ఫానీయే.

అప్పటికి ఆయనకు మిగిలింది పదకొండు వారాలు.

తొలకరి
అప్పులిచ్చినవాళ్లే చంపించారా?

అడ్డగీత
తుపాకీ పేల్చినవాళ్లు సొంత సైనికులే తొలకరి గారూ. వెనక బయటి దేశాల హస్తం ఉందన్న అనుమానం బలంగా ఉంది, కానీ న్యాయస్థానంలో తేలింది లోపలివాళ్ల పాత్ర. తేలినంతవరకే మాట్లాడదాం.

బోరుబండి
అక్టోబరు 15, గురువారం. సాయంత్రం సామూహిక వ్యాయామం ఉండే రోజు కాబట్టి ఆటల దుస్తుల్లో ఉన్నాడు. కౌన్సిల్ ద లాంతాంత్ అనే ప్రాంగణంలో కొద్దిమందితో సమావేశం. బయట కాల్పులు వినిపించాయి. వాళ్లకు కావలసింది నేనే, మీరు ఆగండి అని లేచి బయటికి వెళ్లాడని ఆ గదిలో నుంచి ప్రాణాలతో బయటపడిన ఒకే ఒక్కడు చెప్పాడు. సంకరాతో కలిపి పదమూడు మంది చనిపోయారు. రాత్రికి రాత్రి ఊరి చివర దాన్యోయెన్ శ్మశానంలో పాతిపెట్టారు. మరణ ధ్రువపత్రంలో రాసింది 'సహజ మరణం'. వయసు 37.

గద్దెనెక్కింది కంపావోరే. సంకరా తండ్రి తన కొడుకులాగా చూసుకున్న నేస్తం. పాలించింది 27 ఏళ్లు. విప్లవంలో తోడున్న మిగతా ఇద్దరు, లింగానీ, జోంగో, వాళ్లను కూడా 1989లో కాల్పించాడు.

ఇప్పుడు తెడ్డు సంగతి. 2014 అక్టోబరులో నేను వగదూగులోనే ఉన్నాను. మళ్లీ పోటీ చేయడానికి కంపావోరే రాజ్యాంగం మార్చబోయాడు. 27వ తేదీన ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. చేతుల్లో టో కలిపే తెడ్లు పైకెత్తి. మా వంటమనిషి అది చూసి నిలబడిపోయింది. అక్కడ ఆడది వీధిలో తెడ్డెత్తిందంటే శాపం పెట్టినట్టే, ఇక ఆ మగవాడికి మర్యాద లేదని. కుర్రాళ్లేమో చీపుళ్లు పట్టుకొచ్చారు. వాళ్ల చొక్కాల మీద సంకరా బొమ్మ. చాలామంది ఆయన పోయాక పుట్టినవాళ్లు. 30న పార్లమెంటు తగలబడింది, మా గెస్ట్‌హౌస్ మేడ మీద నుంచి పొగ చూశాను. మరునాడు కంపావోరే పారిపోయాడు. ఆ రాత్రి మా వంటమనిషి టో ఎక్కువ కలిపి వాచ్‌మన్‌లకు కూడా పెట్టింది.

చాక్‌పీసు
విచారణ సంగతి నేను పూర్తిచేస్తాను. 2015లో సమాధులు తవ్వారు. 2021 అక్టోబరులో విచారణ మొదలైంది. 2022 ఏప్రిల్ 6న కంపావోరేకు యావజ్జీవ శిక్ష పడింది, మనిషి మాత్రం పొరుగున ఐవరీ కోస్ట్‌లో క్షేమంగా ఉన్నాడు. సంకరా భార్య మరియం ఆ తీర్పు కోసం దాదాపు 35 ఏళ్లు తిరిగింది. తీర్పు వెలువడిన రోజు ఆవిడ ముఖం ఒక వీడియోలో చూశాను. గెలిచినట్టు లేదు, అలసినట్టు ఉంది.

తొలకరి
ఇప్పుడు అక్కడ అధికారంలో ఇబ్రహీం త్రావోరే ఉన్నాడు కదా. ఆయనా కెప్టెనే, 34 ఏళ్లకే వచ్చాడు. రెండో సంకరా అని రోజూ వీడియోలు వస్తున్నాయి.

అడ్డగీత
ఆ వీడియోల్లో సగం కంప్యూటర్ కల్పించినవి. 2023లో రాజధానిలో ఫ్రాన్సు మాజీ అధ్యక్షుడు డీగాల్ పేరున్న రోడ్డుకు సంకరా పేరు పెట్టాడు, బాగుంది. విమర్శించినవాళ్లను బలవంతంగా యుద్ధరంగానికి పంపుతున్నాడన్న ఆరోపణలూ ఉన్నాయి. టోపీ ఒకటే అయినంత మాత్రాన తల ఒకటి కాదు.

నిర్వాహకుడు
త్రావోరే మీద వేరే చర్చ తెరవండి. ఇక్కడ సంకరా గురించే సాగనివ్వండి.

చాక్‌పీసు
బోరుబండి గారూ, ఒక ప్రశ్న. ఆ తీసేసిన పంతుళ్ల గురించి పల్లెల్లో ఎవరైనా మాట్లాడారా?

బోరుబండి
ఒక్కరే మాట్లాడారు మాస్టారూ. కాయాకు వెళ్లే దారిలో ఒక ఊళ్లో ముసలాయన, పంపు బిగిస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. 84లో ఉద్యోగం పోయిందట. మూడేళ్లు మేకలు మేపాడట. సంకరా అంటే కోపమా అని మా దుబాసీతో అడిగించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆ రోజు రేడియోలో వార్త విని ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను" అన్నాడు. ఏ రోజు, ఉద్యోగం పోయిన రోజా, సంకరా పోయిన రోజా అని అడిగేలోపు పంపులో నీళ్లు వచ్చాయి, పిల్లలు అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. మళ్లీ అడగలేదు.

చాక్‌పీసు
అడగాల్సింది.

బోరుబండి
అవును మాస్టారూ.

అట్లాసు గారూ, అక్కడి నుంచి మా ఆవిడకు రాసిన ఉత్తరాల కవర్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. బుర్కినా ఫాసో స్టాంపులు కనీసం నాలుగైనా ఉంటాయి. చిరునామా ఇక్కడ పెట్టకండి, విడిగా సందేశం పంపండి. ఆవిరి పట్టి ఊడదీస్తాను, చిరిగితే మాత్రం నన్ను అనవద్దు.

పాత అట్లాసు
ఊడదీయకండి. కవరుతో సహా పంపండి. ఓత్ వోల్టా పక్కన ఒక గడి ఖాళీగా ఉంది.